గెజిటెడ్ రాత్రి

చుక్కలరేవులో రాత్రి పొద్దున్న పదిన్నరకి మొదలవుతుంది. ఒకటిన్నర నుంచి రెండు దాకా భోజన విరామం. సాయంత్రం అయిదింటికి తెల్లవారుతుంది. ఆదివారాలూ, రెండో శనివారాలూ, పండగ సెలవులూ రాత్రి ఉండదు. ఐచ్ఛిక సెలవుల సంగతి ఇంకా తేలలేదు.

పాపం, ఇవేవీ తెలియకుండానే వచ్చాడు భూమేశం. కోరుట్లలో టైలరు. ఇరవయ్యొక్క ఏళ్ల కిందట పెళ్లయిన కొత్తలో భార్యని, "నీకేం గావాలె సుగుణా?" అని ధీమాగా అడిగాడు. ఏ గొలుసో, చీరో అంటుందనుకున్నాడు. ఆవిడ, "సముద్రం చూపియ్యి" అంది. అంతే కదా అనుకుని మాటిచ్చేశాడు. ఆ తర్వాత బళ్లు తెరిస్తే యూనిఫారాలు, ముహూర్తాలొస్తే జాకెట్లు, ఎన్నికలొస్తే జెండాలు. కుట్టుమిషను దగ్గర్నుంచి లేచే తీరికేదీ! సముద్రం ఎక్కడికీ పోదు కదా అని ఏడాదికేడాది వాయిదా వేస్తూ వచ్చాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. కానీ టీవీలో అలలు కనబడితే మాత్రం చేతిలో పని ఆపి చూసేది. అది చూసి భూమేశం చూపు తిప్పుకునేవాడు.

చివరికి ప్యాంటు కొలతలకొచ్చిన మనిషొకాయన చుక్కలరేవు గురించి చెప్పాడు. గది చవక, తిండి చవక, మనుషులు మంచివాళ్లు. పొద్దుగూకితే చాలు, తీరం పొడుగునా దీపాలు, డప్పులు, పాటలు, పెనాల మీద వేగే చేపలు. జేబులో పెద్దగా ఏమీ లేనివాడు కూడా రాజాలా తిరగొచ్చన్నాడు. భూమేశం దుకాణానికి తాళమేసి రెండు టికెట్లు కొన్నాడు. మంగళవారం పొద్దున్న దిగడం, బుధవారం రాత్రి తొమ్మిదింటి బండికి తిరుగు ప్రయాణం. గురువారం నాడు ఒక పెళ్లివారికి పద్నాలుగు జాకెట్లు ఇవ్వాలి మరి.

ఆ ప్యాంటు మనిషి చెప్పిందంతా నిజమే. కాకపోతే ఆయన చూసొచ్చాక ఊరు అభివృద్ధి చెందింది.

అదెలా జరిగిందంటే, రాజధానిలో కొందరు పెద్దలు విదేశాల్లో నాలుగు తీరాలు చూసొచ్చి, మన తీరాలకి రాత్రి జీవితం లేదని తెగ బాధపడ్డారు. చుక్కలరేవులో ఉంది కదండీ అని ఎవరో అన్నారు. ఉంటే దాన్ని అభివృద్ధి చేద్దాం అన్నారు పెద్దలు. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తే వాళ్లకి అన్నం సహిస్తుందా? వెంటనే తీర ఉల్లాస ప్రాధికార సంస్థ పుట్టింది. పుట్టగానే ఒక ఉత్తర్వు చేసింది: సంస్థ పరిధిలో తీరం తెరవడమూ, రాత్రి జీవితం నడపడమూ గెజిటెడ్ అధికారి సమక్షంలోనే జరగాలి.

గెజిటెడ్ అధికారిగా కొత్తలంక నృసింహమూర్తి గారొచ్చారు. ఆయన పనివేళలు పదిన్నర నుంచి అయిదు. రాత్రిపూట పనిచేస్తే ఇవ్వాల్సిన భత్యం గురించి ఫైలు పైకి వెళ్లింది గానీ కిందికి రాలేదు. అధికారిని రాత్రికి రప్పించడం కుదరదు. కాబట్టి రాత్రినే అధికారి దగ్గరికి రప్పించారు. ఇందులో తప్పేముంది?

మంగళవారం తొమ్మిదింటికి లాడ్జిలో సంచులు పడేసి, మొహాలైనా కడుక్కోకుండా సముద్రానికి బయల్దేరారు మొగుడూ పెళ్లాలు. వీధి చివర కెరటాల హోరు వినబడుతోంది. సుగుణ నడకకి భూమేశం అందుకోలేకపోయాడు. తీరా వెళ్లేసరికి అక్కడ సముద్రం లేదు. తాటిచెట్టంత ఎత్తున నల్లగుడ్డ తెర ఉంది. ఇటు చూస్తే కంటికి ఆననంత దూరం, అటు చూస్తే కంటికి ఆననంత దూరం. దాని వెనక హోరు మాత్రం గొప్పగా ఉంది. తెర ముందు తాడు, తాడు దగ్గర సంస్థ బంట్రోతు అప్పలస్వామి స్టూలు మీద కూచుని ఉన్నాడు.

"సముద్రం ఏడున్నది?" అన్నాడు భూమేశం.

"యెనకాలే ఉందండి. మూసేసినాం. ఆఫీసరుగోరు పదిన్నరకొత్తారు."

"వచ్చినంక తెరుస్తరా?"

"తెరిత్తారు గానండి, అప్పుడు రాత్రయిపోద్ది కదా!" అన్నాడు అప్పలస్వామి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

సుగుణ తెరకేసి చూస్తూ నిలబడింది.

లాడ్జికి తిరిగొస్తే మేనేజరు పైడిరాజు గల్లా దగ్గర హడావుడి పడుతున్నాడు. "బేగి టిఫినీలు సేసీండి బాబూ, రాత్రయిపోతంది. పదిన్నర దాటితే ఇడ్లీ అమ్మితే కేసు. రాత్రిపూట బిర్యానీయే అమ్మాల."

"గిదేం చోద్యమయ్యా! పొద్దు గింత ఎక్కినంక రాత్రేంది?" అన్నాడు భూమేశం.

"ఏటి సెప్పమంటారు?" పైడిరాజు గొంతు తగ్గించాడు. "ఒకప్పుడు సీకటి పడితే మా ఊరు తిరునాళ్లలాగుండేది. ఇప్పుడు సీకటి పడితే ఆఫీసరుగోరుండరు, అంచేత పోలీసోళ్లు అన్నీ కట్టించెత్తారు. ఆరున్నరకల్లా ఊరు సచ్చిపోతాది."

"మరి ఆ తెర?"

"ఆ తెర ఆడిట్టోళ్ల పుణ్యం. రాత్రని రాసేరు కదా, సముద్రం నీలంగా కనపడతందేటని అడిగేరంట. అంచేత తెర కట్టేసినారు. ఇప్పాలంటే మళ్లీ ఆఫీసరుగోరి సంతకం. అటు పన్నెండు మైళ్లు, ఇటు పన్నెండు మైళ్లు ఇదే వరస."

పదిన్నరకి సైరను మోగింది. వీధి దీపాలు వెలిగాయి. ఆటోలవాళ్లు నెత్తిమీద ఎండ మాడ్చేస్తుంటే హెడ్‌లైట్లు వేసుకున్నారు. ఎదురింటి ముసలాయన గొడుగేసుకుని బయటికొస్తే అప్పలస్వామి పరిగెత్తుకొచ్చి ఆపాడు. రాత్రిపూట గొడుగేమిటన్నాడు. కూడలిలో పెద్ద బోర్డు ఉంది: "పైన కనబడుతున్నదానిని చంద్రునిగా భావించవలసిందిగా కోరడమైనది." ఊళ్లో కోళ్లన్నిటి యజమానులకీ నోటీసులెళ్లాయట. సాయంత్రం అయిదింటికి కూయని కోడి మీద తగు చర్య తీసుకుంటారట.

తెర ముందు నల్ల షామియానాలో రాత్రి జీవితం నడుస్తోంది. రంగుల దీపాలు తిరుగుతున్నాయి. పాటగాడు చెమటలు కక్కుతూ వెన్నెల గురించి పాడుతున్నాడు. ఎనిమిది ఆఫీసుల నుంచి వంతులవారీగా పంపిన గుమస్తాలు రెండు వరసల్లో నిలబడి, హాజరుపట్టీలో సంతకాలు చేసి, డాన్సు చేస్తున్నారు. ఒకాయన చంకలో ఫైలు కూడా వదల్లేదు. ఒకటిన్నర కాగానే పాట సగంలో ఆగిపోయింది, అందరూ క్యారియర్లు విప్పారు. భోజన విరామంలో అరగంట పగలు.

ఆ అరగంటలో సముద్రం చూద్దామని భూమేశం తాడు దగ్గరికి పరిగెత్తాడు. విరామంలో అధికారి కూడా భోంచేస్తారనీ, ఆయన సమక్షం అన్నం ముందు ఉంటుందనీ చెప్పాడు అప్పలస్వామి. రెండు దాటాక మళ్లీ వెళ్లాడు. రాత్రిపూట సముద్రంలో దిగడం పాతకాలం నుంచీ నిషేధం గనక తెర దాటనివ్వమన్నారు. అయిదయ్యాక వెళ్లాడు. తెల్లవారింది గనక అధికారి ఇంటికెళ్లిపోయారన్నారు. ఆరున్నరకి ఊళ్లో కిటికీలన్నీ మూతపడ్డాయి. కాళ్లకి బలపాలు కట్టుకుని తిరిగినట్టయి భూమేశం లాడ్జి మంచం మీద కూలబడ్డాడు. హోరు వినబడుతూనే ఉంది. సుగుణ కిటికీ దగ్గర కూచుని వింటోంది.

"రేపు చూపిస్తనే," అన్నాడు.

"వద్దు తియ్," అంది సుగుణ. "ఇంతదూరం తీస్కచ్చినవు, గదే శాన. నేనింకెప్పుడు నిన్ను ఏది అడుగ."

కోపంతో అని ఉంటే భూమేశం భయపడేవాడు కాడు. ఇరవయ్యొక్క ఏళ్లుగా ఆవిడ కోపాలు చూస్తూనే ఉన్నాడు, మరునాటికి కూరలో ఉప్పు ఎక్కువవడంతో సరిపోయేవి. ఇది కోపం కాదు. లెక్క మూసేసిన గొంతు. సముద్రం చూడకుండా రేపు బండెక్కితే ఈ మనిషి జన్మలో తననింకేమీ కోరదు, తనతో ఏదీ కావాలనుకోదు. ఆ రాత్రి అతను కన్నుమూయలేదు.

బుధవారం పదిన్నర గంటకొట్టేసరికి అధికారి డేరాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నృసింహమూర్తి గారు చలువ కళ్లద్దాలు పెట్టుకుని, టేబుల్‌లైటు వేసుకుని, ఆకుపచ్చ సిరాతో సంతకాలు చేస్తున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. నిబంధన దాటి ఆవలించడం కూడా ఎరగడు.

"శుభరాత్రి. తమరి అభ్యర్థన?"

"సముద్రం సారు. నా భార్య ఒక్కసారి కాలు పెట్టాలె. గంతే."

"చూడండి, తీరము నా సమక్షములోనే తెరవబడును. నా సమక్షము రాత్రి మాత్రమే ఉండును. రాత్రి స్నానము నిషిద్ధము. కావున సముద్ర ప్రవేశమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు, అవకాశము కూడా లేదు."

"ఇరవయ్యొక్క ఏండ్ల కింద అడిగింది సారు," అన్నాడు భూమేశం. "రాత్రి తొమ్మిదింటికి బండున్నది. జెర దయ చూడున్రి. మీ కాళ్లు మొక్కుత."

నృసింహమూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన మనసు కరిగింది. మనసు కరిగినప్పుడు ఆయన చట్టాల పుస్తకం తీస్తారు. చాలాసేపు పేజీలు తిప్పారు.

"ఒక మార్గము కలదు. అసలు పత్రము చూపుటకు వీలులేనప్పుడు గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన నిజప్రతిని ఇవ్వవచ్చును. అప్పలస్వామీ! సముద్రమునకు ఒక నిజప్రతి తెమ్ము."

అప్పలస్వామి బకెట్టు పట్టుకుని తెర చీలికలోంచి లోపలికి వెళ్లి, నీళ్లతో వచ్చాడు. నిజప్రతి అన్నాక అసలుతో సరిచూడాలి కదా. బకెట్లో నీళ్లు ఒక చెంచా, విడిగా తెచ్చిన సముద్రపు నీళ్లు ఒక చెంచా నాలిక మీద వేసుకుని అధికారి కళ్లు మూసుకున్నారు. సరిపోయింది. నీళ్ల మీద ముద్ర పడదు గనక బకెట్టు చెవికి అట్టముక్క కట్టి, లక్క కరిగించి, ఆకుపచ్చ సంతకం పెట్టారు: "అసలుతో సరిపోల్చడమైనది. నిజప్రతి." షరతులు కూడా చదివి వినిపించారు. పాదములు ఒకదాని తర్వాత ఒకటి ముంచవలెను. సాయంత్రం అయిదు లోపు అవే నీళ్లు, అంతే కొలతలో తిరిగి దాఖలు చేయవలెను. తడి పాదములతో పోయిన నీటికి అరగ్లాసు మినహాయింపు.

ఈ కాగితాలన్నీ మూడు ప్రతుల్లో రాసి, నమోదు చేసి, సుగుణని పిలిపించేసరికి నాలుగున్నర అయింది. ఆవిడ వచ్చి బకెట్టు ముందు నిలబడింది. వెనక తెర. తెర వెనక హోరు. సుగుణ బకెట్లోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదేనా?" అంది.

"ధ్రువీకరించబడినదమ్మా," అన్నారు అధికారి, గర్వం దాచుకోలేక.

"ఇందుల అల ఏది సారు?"

నృసింహమూర్తి గారు బకెట్లోకి తొంగి చూశారు. లోపం నిజమే. "అప్పలస్వామీ, అల!" అన్నారు. అప్పలస్వామి వంగి బకెట్టు అంచు పట్టుకుని కుదిపాడు. నీళ్లు అటు కొట్టుకుని ఇటొచ్చాయి. ఇంకా గట్టిగా కుదపమన్నారు. కుదిపాడు.

భూమేశానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంతేనా తను చూపించగలిగింది, బకెట్టా! భార్య మొహంలోకి చూసే ధైర్యం లేక ఇసకలోకి చూస్తూ నిలబడ్డాడు.

సుగుణ చీర కుచ్చిళ్లు పైకి దోపింది. "పక్కకు జరుగు అన్నా," అంది అప్పలస్వామితో. "ఈ నీళ్లకు ఊపిరాడ్తలేదు." బకెట్టు ఎత్తి నడుముకానించుకుని, కల్లాపి చల్లడానికి వాకిట్లోకి వెళ్లినట్టు తెర చీలికలోంచి అవతలికి వెళ్లిపోయింది.

"అమ్మా! రికార్డు! ప్రభుత్వ రికార్డు!" అని కేకలేస్తూ అధికారి పరిగెత్తారు. ఆయన వెనక అప్పలస్వామి, అతని వెనక భూమేశం.

తెర దాటగానే భూమేశం ఆగిపోయాడు. ఎదురుగా ఉంది. టీవీలో చూసింది ఏపాటిది! ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ ఆగిందో తెలియదు, నురగలు కక్కుతూ మీదికొస్తోంది. సుగుణ అప్పటికే మోకాళ్ల లోతులో ఉంది. బకెట్టు బోర్లించేసింది. కెరటమొచ్చి కొడితే తూలి, నిలదొక్కుకుని, పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వగలదని భూమేశానికి ఇన్నేళ్లూ తెలియదు.

"ఎంత పని చేశారు!" నృసింహమూర్తి గారు ఒడ్డున తల పట్టుకున్నారు. "ధ్రువీకరించిన ప్రతి అసలులో కలిసిపోయినది! ఇప్పుడు నేనేమని దాఖలు చేసుకోవలెను?"

"తప్పయింది సారు," అంది సుగుణ, ఏమాత్రం తప్పయినట్టు లేని మొహంతో. "ఏం జెయ్యమంటరు?"

అధికారి గబగబా పుస్తకం తెరిచారు. జవాబు స్పష్టంగానే ఉంది. రికార్డు పోగొట్టిన వ్యక్తియే, గెజిటెడ్ అధికారి పర్యవేక్షణలో, అది దొరుకు వరకు వెతకవలెను. దొరకనిదే స్థలము విడిచిపోరాదు.

"వెతకండి! ఆ నీళ్లే కావలెను! బయటికి వచ్చితిరో, కేసు!"

"స్నానం చేయకూడదంటిరి గద సారు?"

"ఇది స్నానము కాదు, రికార్డు గాలింపు!" అని అరిచారాయన. "ఏమయ్యా, చూస్తారేమి? మీరు దరఖాస్తుదారులు. మీరు కూడా దిగండి!"

భూమేశానికి రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. ప్యాంటు మడత పెట్టకుండానే దూకాడు.

అయిదింటికి సైరను మోగింది. తెల్లవారింది. నృసింహమూర్తి గారు అలవాటుగా గొడుగు అందుకుని, అంతలో గుర్తొచ్చి ఆగిపోయారు. గాలింపు ఆయన పర్యవేక్షణలోనే జరగాలి. అది పూర్తయ్యేదాకా ఆయన కదలడానికి వీల్లేదు. ఆరవుతుంటే నిజంగానే చీకటి పడసాగింది. చీకట్లో నీళ్లు గుర్తుపట్టడమెలా? ఉన్న కాస్త వెలుతురుకీ అడ్డొస్తున్నాయని తెరలు తీయించారు. చాలక దీపాలు తెప్పించారు. తీరం ఆ చివర నుంచి ఈ చివర దాకా వెలిగింది.

వెలుగు చూసి ఊరు కదిలింది. ముందు పైడిరాజు వచ్చాడు. ఒడ్డున కుర్చీలో కూచున్న అధికారిని చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. గెజిటెడ్ అధికారి సమక్షం! సాక్షాత్తూ తీరం మీద! చీకటి పడ్డాక! అతను వెనక్కి తిరిగి ఊళ్లోకి ఒక్క కేక పెట్టాడు. పది నిమిషాల్లో పెనాలొచ్చాయి, పొయ్యిలు రాజుకున్నాయి, ఎక్కడ దాచారో డప్పులొచ్చాయి. ఆపబోయిన పోలీసులకి పైడిరాజు అధికారిని చూపించాడు. వాళ్లు సెల్యూట్ కొట్టి చేపలు కొనుక్కున్నారు.

జనం బిలబిలమంటూ నీళ్లలోకి దిగుతుంటే నృసింహమూర్తి గారు లేచి నిలబడ్డారు. "ఏయ్! మీరంతా ఎవరు? ఏమి చేస్తున్నారు?"

"ఎతుకుతన్నామండి!" అన్నారు మూడొందల మంది ఒక్క గొంతుతో.

ముందురోజు డాన్సు చేసిన ఫైలు గుమస్తా కూడా అందులో ఉన్నాడు, ఫైలు లేకుండా.

అధికారి కాసేపు నిలబడి చూశారు. అప్పలస్వామి వేడివేడి చేపముక్క విస్తరాకులో పెట్టి ఇస్తే, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, కూచుని తినడం మొదలుపెట్టారు.

నడుం లోతు నీళ్లలో భూమేశం తలంతా తడిసి, నోట్లో ఉప్పు, చెవుల్లో ఇసకతో పెళ్లాం పక్కన నిలబడ్డాడు. ఎనిమిది కావస్తోంది. చెప్పబుద్ధి కాలేదు గానీ చెప్పక తప్పలేదు.

"సుగుణా, బండి టైమైతున్నదే."

సుగుణ దోసెడు నీళ్లు తీసి దీపం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి గావు," అని అతని నెత్తిన పోసింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది.

"పద్నాలుగు జాకెట్లున్నయంటివి గద. ఒక్కరోజు ఆగుమని ఫోన్ చేస్తవా? నాకు రేపు గూడ గావాలె."

అడిగింది. మళ్లీ అడిగింది! భూమేశం సంతోషం పట్టలేక, "చేస్తనే, చేస్త! ఎల్లుండి గూడ ఉందాం!" అని అరిచేశాడు. ఆ అరుపు ఒడ్డు దాకా వినబడింది.

"అమ్మా, దొరికినదా?" అని కేకేశారు నృసింహమూర్తి గారు, నోట్లో చేపముక్కతో.

"లేదు సారు," అంది సుగుణ, ఎదురొస్తున్న కెరటానికేసి నడుస్తూ. "మీరు నిమ్మలంగ తినున్రి. శానా ఉన్నయి నీళ్లు."